సెన్సర్ చోటు మారిస్తే గాలి చల్లబడుతుందా?

బయట 36 డిగ్రీలు. కారు ఆపి పావుగంట అయింది. మళ్లీ స్టార్ట్ చేసి ఓబీడీ స్కానర్ (ఇంజన్ సెన్సర్లు చెప్పే అంకెలు చూపించే పరికరం) వైపు చూస్తే ఇంటేక్ గాలి, అంటే ఇంజన్ పీల్చే గాలి ఉష్ణోగ్రత 68 అని కనబడుతోంది. గేరు వేసి కదిలిస్తే ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు బండి బద్ధకంగా కదిలింది. రెండు మూడు నిమిషాలు ఆగకుండా పోయాక అంకె 50 దరిదాపులకు దిగింది, పికప్ కూడా తిరిగొచ్చేసింది. ఈ రెండు సంగతుల్నీ ముడిపెట్టుకున్న రోజే నాకు ఈ పిచ్చి పట్టుకుంది.

కార్ల గురించి నాకన్నా పదేళ్లు ముందు నుంచీ తలబద్దలు కొట్టుకుంటున్న స్నేహితుడికి ఫోన్ చేశాను. "దానిదేముందిరా, గాలి వేడిని కొలిచే ఆ సెన్సర్ మానిఫోల్డ్‌లో, అంటే సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లో కూర్చుని మాడిపోతోంది. పీకి ఫిల్టర్ పైపులో పెట్టెయ్. పైసా ఖర్చు లేకుండా పవర్" అన్నాడు. హోండాల వాళ్లు చేస్తారు, జీప్ 4 లీటర్ల ఇంజన్ ఉన్నవాళ్లు చేస్తారు, పాత జీఎం (జనరల్ మోటార్స్) వీ8 ఇంజన్ల వాళ్లు ఎప్పట్నుంచో చేస్తున్నారు, నీకేం రోగం అన్నట్టు మాట్లాడాడు. ఆ ఆదివారమే చేసేశాను. మూడు నెలలు అలాగే నడిపాను. తర్వాత మళ్లీ పీకి, పాత చోటే పెట్టాను.

ఎందుకు తిప్పి పెట్టానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నా వాదన ఇదీ: మామూలుగా జనం చేసే పద్ధతిలో ఈ సెన్సర్‌ని జరపడం వల్ల ఇంజన్‌లోకి వెళ్లే గాలిలో రవ్వంత మార్పు కూడా రాదు. మారేది ఆ గాలి గురించి ఈసీయూకి, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌కి అందే కబురు ఒక్కటే. కబురు నిజానికి దగ్గరైతే మంచిదే. కానీ మనం జరిపేది నిజం కోసం కాదు, చల్లటి అంకె కోసం.

ముందు ఆ సెన్సర్ సంగతి. లోపల ఉండేది థర్మిస్టర్ అనే చిన్న గింజ. వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ పడిపోతుంది. జీఎం కార్లలో ఏళ్ల తరబడి వాడిన రకాన్నే తీసుకుంటే 20 డిగ్రీల దగ్గర సుమారు 3,500 ఓమ్‌లు, 40 దగ్గర 1,450 చిల్లర, 100 దగ్గర 177. ఈసీయూ తన లోపలున్న ఒక రెసిస్టర్ గుండా 5 వోల్టులు పంపి, సెన్సర్ దగ్గర ఎంత వోల్టేజి నిలిచిందో చూసుకుంటుంది. అంతకుమించి దానికేమీ తెలీదు. ఆ గింజ వేడెక్కింది గాలి వల్లా, పక్కనున్న లోహం వల్లా అని అడిగే దారి దానికి లేదు.

ఆ వోల్టేజితో దానికేం పని? పెట్రోలు, స్పార్క్. రెండూ.

పెట్రోలు లెక్క గాలి బరువు మీద నడుస్తుంది. సిలిండర్‌లోకి ఎన్ని గ్రాముల గాలి వెళ్లిందో తెలిస్తేనే ఎంత చిమ్మాలో తేలుతుంది. హాట్‌వైర్ ఎయిర్‌ఫ్లో మీటర్ ఉన్న కార్లు ఆ బరువును నేరుగా కొలుచుకుంటాయి. నా కారులో అది లేదు. మానిఫోల్డ్‌లో ఒత్తిడి, ఆర్‌పీఎం, గాలి ఉష్ణోగ్రత, ఇంజన్ ఏ ఆర్‌పీఎం దగ్గర ఎంత బాగా గాలి పీల్చుకుంటుందో చెప్పే ఓ పట్టిక - వీటితో బరువును లెక్కగట్టుకుంటుంది. స్పీడ్ డెన్సిటీ అంటారు దీన్ని. కొత్తదేమీ కాదు, 1967లో ఫోక్స్‌వ్యాగన్ 1600లో వచ్చిన బాష్ కంపెనీ పెట్రోలు ఇంజెక్షన్ పద్ధతి డి-జెట్రానిక్ కూడా ఒత్తిడి చూసే పెట్రోలు కొలిచేది, దానికీ గాలి ఉష్ణోగ్రత సెన్సర్ ఉండేది. ఒత్తిడి అంతే ఉన్నప్పుడు గాలి 10 డిగ్రీలు వేడెక్కితే దాని సాంద్రత సుమారు 3 శాతం తగ్గుతుంది. సెల్సియస్‌కి 273 కలిపి భాగిస్తే ఎవరైనా సరిచూసుకోవచ్చు.

స్పార్క్ సంగతి దీనికన్నా సున్నితం. గాలి ఎంత వేడిగా లోపలికొస్తే, కుదింపు చివర అంత వేడెక్కుతుంది. మంట అందకముందే మూలనున్న మిశ్రమం తనంతట తానే అంటుకునే ప్రమాదం పెరుగుతుంది. అదే నాకింగ్. అందుకని అంకె ఓ హద్దు దాటగానే ఈసీయూ స్పార్క్‌ని కొన్ని డిగ్రీలు (ఇవి వేడి డిగ్రీలు కావు, క్రాంక్ తిరిగే కోణం) ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యమే మనకు కాలికింద "బండి లాగట్లేదు" అని తెలుస్తుంది.

హాట్‌వైర్ ఉన్న కారులో ఉష్ణోగ్రత సెన్సర్‌ని జరిపితే పెట్రోలు లెక్క పెద్దగా కదలదు, ముఖ్యంగా స్పార్క్ కదులుతుంది. స్పీడ్ డెన్సిటీ కారులో రెండూ కదులుతాయి. ఒకే పని చేసిన ఇద్దరు, ఒకడు అద్భుతం అని, ఇంకొకడు దండగ అని కొట్టుకోవడం వెనక సగం కారణం ఇదే. వాళ్ల కార్లు గాలిని వేరువేరుగా లెక్కపెడతాయి.

ఇక నా ఫిర్యాదు సంగతి. అది అబద్ధం కాదు. నా సెన్సర్ ఒళ్లు ఇత్తడి. అల్యూమినియం మానిఫోల్డ్‌లోకి మరతో బిగించి ఉంటుంది. కారు ఆపగానే ఫ్యాన్ ఆగుతుంది, గాలి కదలదు, ఇంజన్‌లో వేడంతా పైకి పాకుతుంది. పావుగంటలో మానిఫోల్డ్ కాలిపోతూ ఉంటుంది, ఇత్తడి ద్వారా ఆ వేడి గింజకు చేరుతుంది. మళ్లీ స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో 68 అని చూపిస్తున్నది గాలి వేడిని కాదు, ఎక్కువగా తన కుర్చీ వేడిని. అసలు గాలి ఏ 50 దగ్గరో ఉందనుకోండి. 341ని 323తో భాగిస్తే 1.056. అంటే ఈసీయూ గాలిని 5 శాతం పైగా తక్కువ అంచనా వేసింది, పెట్రోలు అంత తక్కువ పోసింది, పైగా స్పార్క్‌నీ వెనక్కి లాగింది. మెల్లగా పోతున్నప్పుడు ఎగ్జాస్ట్ గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ ఈ తప్పును పట్టుకుని సరిదిద్దుతుంది. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు చాలా కార్లలో ఆ దిద్దుబాటు పక్కకు తప్పుకుంటుంది. అప్పుడు తప్పు తప్పుగానే ఇంజన్‌లోకి పోతుంది.

కాబట్టి మొదటి నిమిషం విషయంలో నా స్నేహితుడు చెప్పింది నిజం. తేడా అంతా రెండో నిమిషం నుంచి మొదలవుతుంది.

జరిపిన రోజు ఏం చేశానో చెప్తాను. బ్యాటరీ నెగటివ్ తీసి, సెన్సర్ క్లిప్ నొక్కి ఊడదీసి, 19 నంబరు స్పానర్‌తో తిప్పాను. బయటికొచ్చిన ఇత్తడి ముక్క మొన మీద నల్లటి జిడ్డు పొర ఉంది. ఇంజన్ అడుగు భాగం (క్రాంక్‌కేస్) నుంచి వచ్చే నూనె ఆవిరి, ఎగ్జాస్ట్ పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ తెచ్చిన మసి కలిసి పట్టిన పొర. వేలితో రాస్తే బూట్‌పాలిష్‌లా అంటుకుంది. (ఆ పొరే ఓ దుప్పటి. దాన్ని క్లీనర్‌తో కడిగి మళ్లీ అక్కడే పెట్టి ఉంటే సగం కథ అక్కడే అయిపోయేదేమో. అప్పుడు తట్టలేదు.) మానిఫోల్డ్‌లో మిగిలిన రంధ్రానికి అదే మర ఉన్న బోల్టు, టెఫ్లాన్ టేపు చుట్టి బిగించాను. ఫిల్టర్ బాక్స్ దాటాక వచ్చే రబ్బరు పైపులో రంధ్రం చేసి, గ్రోమెట్ (రబ్బరు రింగు) పెట్టి, సెన్సర్‌ని దూర్చాను. వైరు 40 సెంటీమీటర్లు పెంచాను. గంటన్నర పని.

మర్నాడు స్కానర్ చూసి పొంగిపోయాను. రోడ్డు మీద 49 చూపించే చోట 41. ఆగి బయల్దేరినప్పుడు 68 బదులు 50. బండి నిజంగానే చురుగ్గా కదిలినట్టనిపించింది. ఇక్కడ "అనిపించింది" అన్న మాట మీద నాకే అనుమానం వచ్చి, ఓ పద్ధతిగా చూద్దామని కూర్చున్నాను. ఒకే రోడ్డు, ఒకే దిశ, మూడో గేరు, 40 నుంచి 80 కిలోమీటర్ల వేగానికి ఎంత సేపు పడుతుందో లాగ్ చేశాను. సెన్సర్ పాత చోట ఉన్నప్పుడు, ఇంజన్ బాగా పరిగెత్తాక: 9.1, 9.3, 8.9 సెకన్లు. కొత్త చోట: 9.0, 9.2, 9.1. తేడా ఉందని ఎవరైనా అంటే వాళ్లకో నమస్కారం. అదే పావుగంట ఆపి, బయల్దేరిన వెంటనే చేస్తే: పాత చోట 9.9, కొత్త చోట 9.3.

మూడేసి పరుగులు పెద్ద రుజువేమీ కాదు, గాలి వాటం మారినా ఆ అంకెలు కదులుతాయి. అయినా అవి చెప్పేది ఫిజిక్స్ చెప్పేదానితో సరిపోతోంది. లాభం ఉంది. ఆగి బయల్దేరిన ఆ ఒకటి రెండు నిమిషాలకు మాత్రమే ఉంది. ఆ తర్వాత ఇంజన్ ఇంజనే.

స్కానర్‌లో ఇంకో అంకె కూడా కదిలింది. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఆక్సిజన్ సెన్సర్ చెప్పింది విని ఈసీయూ పెట్టుకున్న దీర్ఘకాలపు దిద్దుబాటు, ప్లస్ 0.8 నుంచి మైనస్ 2.3కి వచ్చింది. సుమారు 3 శాతం. గాలి చల్లగా ఉందని నమ్మి ఎక్కువ పెట్రోలు పోస్తుంటే, ఆక్సిజన్ సెన్సర్ "ఎక్కువైంది, తగ్గించు" అని రోజూ చెబుతోందన్నమాట. 49కీ 41కీ మధ్య తేడా సాంద్రతలో రెండున్నర శాతం. లెక్క ఇంచుమించు కుదిరింది. ఆ రోజే నాకు అర్థం కావాల్సింది: పరుగులో ఉన్నప్పుడు పాత చోటే నిజం చెప్పేది. ప్లస్ 0.8 అంటే తప్పు దాదాపు లేదని. నేను నిజం చెప్పే సాక్షిని తీసేసి, నాకు నచ్చే సాక్షిని పెట్టాను.

ఎందుకంటే మానిఫోల్డ్ వేడి అంతా సెన్సర్‌ని మోసం చేసే వేడి కాదు. కొంత వేడి గాలికీ నిజంగానే ఎక్కుతుంది. ఫిల్టర్ పైపులో 41 ఉన్న గాలి, త్రాటిల్ (పెడల్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) దాటి, కాలుతున్న మానిఫోల్డ్ గొట్టాల వెంట పోయి, వాల్వ్ వెనక భాగాన్ని రాసుకుని సిలిండర్‌లో పడేసరికి 41లో ఉండదు. ఎంత వేడెక్కుతుందన్నది ఎంత గాలి పోతోందన్నదాని మీద ఉంటుంది. 1.6 లీటర్ల ఇంజన్ 3,000 ఆర్‌పీఎం దగ్గర, పెడల్ పూర్తిగా తొక్కితే, సెకనుకు మహా అయితే 40 లీటర్ల గాలి మింగుతుంది. ఐడ్లింగ్‌లో 4 లీటర్లు కూడా మింగదు. అదే గొట్టం, అదే వేడి, పదో వంతు గాలి. పరుగులో ఉన్నప్పుడు వేడెక్కే తీరిక గాలికి ఉండదు. ట్రాఫిక్‌లో బోలెడు తీరిక.

ఈ గొడవ ఈసీయూ రాసేవాళ్లకు తెలియదనుకుంటే పొరపాటు. సిలిండర్ ముఖద్వారం దగ్గర గాలి ఉష్ణోగ్రతను కొలవడం కష్టం కాబట్టి, గాలి సెన్సర్ అంకెకీ, కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) అంకెకీ మధ్యలో ఎక్కడో ఉంటుందని ఊహించి ఓ అంచనా వేస్తారు. గాలి తక్కువ పోతుంటే కూలెంట్ వైపు మొగ్గు, ఎక్కువ పోతుంటే గాలి సెన్సర్ వైపు మొగ్గు. జీఎం ఈసీయూలలో ఈ మొగ్గుకు ఓ పట్టికే ఉంటుంది. మెగాస్క్విర్ట్ లాంటి విడి ఈసీయూలలో దాన్ని మనమే దిద్దుకోవచ్చు. ఆ పట్టిక రాసినవాళ్లు సెన్సర్ ఫలానా చోట, ఫలానా లోహంలో బిగించి ఉంటుందని లెక్కవేసుకునే రాశారు. సెన్సర్‌ని జరిపి పట్టికను వదిలేయడమంటే, గడియారం ముల్లు జరిపి పొద్దు జరిగిందనుకోవడమే.

దీని అసలు రుచి నాకు ఓ కొండ ఎక్కే రోడ్డు మీద తెలిసింది. కారులో ఐదుగురం, డిక్కీ నిండా సామాను, ఏసీ ఆన్. ముందు లారీ నత్తనడక నడుస్తోంది. దాటే వీలు లేదు. మూడో గేరులో, 1,800 ఆర్‌పీఎం దగ్గర, పెడల్ ముప్పావు వంతు తొక్కి ఎక్కిస్తున్నాను. అప్పుడు వినపడింది: డబ్బాలో చిల్లర గిలక్కొట్టినట్టు, సన్నగా, కిటకిటమని. మొదట ఎగ్జాస్ట్ షీల్డ్ వదులైందేమో అనుకున్నాను. కాలు తీస్తే ఆగిపోతోంది, తొక్కితే మళ్లీ వస్తోంది. నాకింగ్. నా కారు పాతది, నాక్ సెన్సర్ లేదు. ఆ చప్పుడును వినే చెవి ఈసీయూకి లేదు, నాకే ఉంది. రెండో గేరుకి దిగి, పెడల్ తగ్గించి, ఏసీ ఆపి పైకి చేరాను. స్కానర్‌లో గాలి 44 అని హాయిగా చూపిస్తోంది. కూలెంట్ 101.

పైన ఆగి బానెట్ ఎత్తి మానిఫోల్డ్ మీద చెయ్యి పెట్టబోతే పెట్టలేకపోయాను. ఆ లోహంలోంచి మెల్లగా పాకిన గాలి 44లో ఉందంటే నేను నమ్మను. ఇంజన్ పాత పద్ధతిలో ఉండి ఉంటే సెన్సర్ 60 పైచిలుకు చూపించేది, ఈసీయూ కొన్ని డిగ్రీలు వెనక్కి తగ్గేది, బండి బద్ధకంగా ఎక్కేది, నేను తిట్టుకునేవాణ్ని. ఆ బద్ధకం పిస్టన్‌ని కాపాడే బద్ధకం. అదే రోడ్డు మీద ఇదివరకు అంతే బరువుతో రెండుసార్లు వెళ్లాను, ఈ చప్పుడు ఎప్పుడూ వినలేదు.

స్నేహితుడు ఈ మాట వొప్పుకోలేదు. "నీ పెట్రోలు బాగోలేదేమో, కార్బన్ పట్టిందేమో" అన్నాడు. అయ్యుండొచ్చు. రెండూ నాకింగ్‌ని పెంచేవే. కానీ పెట్రోలు ఎలాంటిది దొరికినా, కార్బన్ ఎంత పట్టినా కాస్త వెసులుబాటు ఉండాలనే కదా కంపెనీ ఆ మార్జిన్ పెట్టింది. నేను ఆ మార్జిన్‌నే తీసి ఖర్చుపెట్టేసి, పవర్ వచ్చిందని చంకలు గుద్దుకున్నాను. నాక్ సెన్సర్ ఉన్న కార్లలో కథ ఇంత దూరం రాదు. అది నాక్ వినగానే స్పార్క్‌ని లాగేస్తుంది. అంటే సెన్సర్ జరిపి తెచ్చుకున్న టైమింగ్‌ని ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో తీసుకుంటుంది. మరప్పుడు జరిపి సాధించిందేమిటి?

దీనికి వరసకి తమ్ముడయ్యే ఇంకో సరుకు ఉంది. "పెర్ఫార్మెన్స్ చిప్" అని అమ్ముతారు. గాలి సెన్సర్ ప్లగ్ పీకి దీన్ని పెట్టుకోవాలి. నేనోసారి విప్పి చూశాను. ప్లాస్టిక్ డబ్బా, లోపల రెండు కాళ్ల రెసిస్టర్ ఒకటి, చుట్టూ జిగురు. ఎండైనా వానైనా ఈసీయూకి ఒకటే చల్లటి అంకె చెబుతుంది. దీన్ని చూసి నవ్వేవాళ్లే సెన్సర్‌ని ఫిల్టర్ పైపులోకి జరిపి అది వేరే విద్య అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నవాణ్నే కాబట్టి తిట్టే హక్కు నాకు లేదు. రెసిస్టర్ పచ్చి అబద్ధం చెబుతుంది. ఫిల్టర్ పైపులో సెన్సర్ నిజమే చెబుతుంది, కానీ అడిగిన ప్రశ్నకు కాదు.

ఇదంతా చదివి సెన్సర్‌ని ఎప్పుడూ కదపకూడదని నేనంటున్నాననుకోకండి. టర్బో లేని ఇంజన్‌కి టర్బో, అంటే గాలిని కుదించి లోపలికి నెట్టే కంప్రెసర్ బిగించారనుకోండి. అప్పుడు జరపకపోతేనే తప్పు. చాలా పాత కార్లలో ఈ సెన్సర్ ఎయిర్‌ఫ్లో మీటర్ లోపలే, అంటే టర్బో కన్నా ముందే ఉంటుంది. టర్బో 1 బార్ బూస్ట్ ఇస్తోందంటే గాలి ఒత్తిడి రెట్టింపు. 27 డిగ్రీల గాలిని ఏ నష్టం లేకుండా రెట్టింపు ఒత్తిడికి కుదిస్తేనే 93 దాకా వెళ్తుంది. కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే 120 దాటుతుంది. కుదించిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ దాన్ని ఎంత దించుతుందో ఆ రోజు ఎండనీ, కారు వేగాన్నీ బట్టి ఉంటుంది. ముందు కూర్చున్న సెన్సర్‌కి ఇవేమీ తెలీవు. 27 అని చెప్పి ఊరుకుంటుంది. దాన్ని ఇంటర్‌కూలర్ తర్వాత, త్రాటిల్ ముందు పైపులోకి జరపాలి. ఆ పైపు వేడి పట్టకుండా ప్లాస్టిక్ ఒళ్లు, తెరిచిన మొన ఉన్న సెన్సర్ పెట్టాలి. మూసిన ఇత్తడి మొన ఉన్నవి మార్పును మెల్లగా పసిగడతాయి, పెడల్ తొక్కిన నాలుగు సెకన్లలో గాలి వేడెక్కి చల్లారిపోయినా వాటికి తెలీకుండానే పోతుంది.

గమనించారా, అక్కడ జరిపాక అంకె పెరుగుతుంది. చెడ్డ కబురే ఎక్కువగా వస్తుంది. ఈ పని సరిగ్గా చేసేవాళ్లు అందుకు సిద్ధపడే చేస్తారు, చేసి ఈసీయూ పట్టికలు మళ్లీ రాయించుకుంటారు. "జరిపాను, అంకె తగ్గింది, పట్టికలు ముట్టుకోలేదు" అని ఎవరైనా చెబితే మాత్రం నాకు ఆ కొండ రోడ్డు గుర్తొస్తుంది.

వైరింగ్ గురించి కూడా ఓ మాట. నేను పెంచిన 40 సెంటీమీటర్ల వైరును మెలిపెట్టి టేపు చుట్టాను, సోల్డర్ చేయలేదు. మూడు నెలల తర్వాత విప్పితే రాగి పచ్చబడి ఉంది. అలాంటి అతుకులో 50 ఓమ్‌ల రెసిస్టెన్స్ చేరిందనుకోండి. 40 డిగ్రీల దగ్గర సెన్సరే 1,450 ఓమ్‌లు కాబట్టి అంకె ఓ డిగ్రీ కూడా మారదు, ఎవరికీ తెలీదు. 100 డిగ్రీల దగ్గర సెన్సర్ 177 ఓమ్‌లే. దానికి 50 కలిస్తే ఈసీయూ దాన్ని 92 అని చదువుతుంది. అంటే చెడ్డ అతుకు ఎప్పుడూ చల్లదనం వైపే అబద్ధమాడుతుంది, అదీ వేడి ఎక్కువున్నప్పుడే ఎక్కువ అబద్ధమాడుతుంది. వైరు పూర్తిగా ఊడితే ఇంకా నయం: ఈసీయూ మైనస్ 40 అని చూసి, ఇది అసాధ్యమని గ్రహించి, పీ0113 అనే లోపం కోడ్ వేసి, ఓ డిఫాల్ట్ అంకెతో నడుపుతుంది. సగం ఊడినదే ప్రమాదం.

సెన్సర్ మార్చేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. అన్ని థర్మిస్టర్లూ ఒకటి కాదు. బాష్ రకం 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్‌లు, జీఎం రకం 3,500. ప్లగ్ పట్టిందని ఒకదాని బదులు ఇంకోటి పెడితే, 20 డిగ్రీల గాలిని ఈసీయూ 27 అని చదువుతుంది. నేను కొత్త సెన్సర్ కొన్నప్పుడు పాతదాన్నీ, దాన్నీ పక్కపక్కన రాత్రంతా ఓ గదిలో పెట్టి, పొద్దున్నే మల్టీమీటర్‌తో కొలిచాను. తర్వాత రెండింటినీ ప్లాస్టిక్ సంచిలో వేసి, నీళ్లు తగలకుండా వేడినీళ్ల గిన్నెలో ముంచి, నీళ్లలో థర్మామీటర్ పెట్టి, చల్లారుతుండగా ఐదేసి డిగ్రీలకోసారి రాసుకున్నాను. 60 నుంచి 35 దాకా రెండూ కలిసి నడిచాయి. అప్పుడే బండిలో పెట్టాను.

ఆ కొత్త సెన్సర్ ఇప్పుడు పాత చోటే, మానిఫోల్డ్‌లోనే ఉంది. ఒళ్లు ప్లాస్టిక్, మొన తెరిచి ఉంది. అదే మర. లోహం వేడి గింజకు చేరడం చాలా తగ్గింది, గాలి వేడి తెలియడం మాత్రం పోలేదు. ఫిల్టర్ బాక్స్‌కి ముందు నుంచి గాలి తెచ్చే గొట్టం ఎప్పుడో విరిగిపోయి రేడియేటర్ వెనక వేడి గాలిని పీలుస్తోందని ఈ గొడవలో పడే గమనించాను. దాన్ని మార్చి గ్రిల్ వెనక దాకా పెట్టించాను. నిజంగా గాలిని చల్లబరిచిన పని ఈ మొత్తం వ్యవహారంలో అదొక్కటే. త్రాటిల్ బాడీ గుండా పోయే కూలెంట్ గొట్టాన్ని తప్పించమని కూడా సలహాలొచ్చాయి. గాలి అక్కడ కన్నుమూసి తెరిచేంత సేపు కూడా ఉండదు, ఆ జోలికి పోలేదు.

పావుగంట ఆపి బయల్దేరితే ఇప్పుడు 57 చూపిస్తోంది, అర నిమిషంలో 50 కిందికి దిగుతోంది. పరుగులో 45, 46. ఫ్యూయల్ ట్రిమ్ సున్నా దగ్గరే అటూఇటూ ఊగుతోంది. అదే రోడ్డు, మూడో గేరు, 40 నుంచి 80: ఆగి బయల్దేరిన వెంటనే 9.4, వేడి దిగాక 9.0.

రబ్బరు పైపులో చేసిన రంధ్రానికి ప్లాస్టిక్ బిరడా పెట్టాను. పోయిన వారం స్నేహితుడు బానెట్ ఎత్తి చూసి, "ఇంకా ఆ రంధ్రం ఉంచావేంరా, మళ్లీ మనసు మారుతుందనా?" అన్నాడు. పైపు కొత్తది దొరకడం లేదని చెప్పాను. అదీ నిజమే.